ముందు మమ్మల్ని అడగండి

హైదరాబాద్‌లో పిల్లలకి కోడింగ్‌నీ కళనీ కలిపి నేర్పుతున్న సంస్థలకు, మెంటర్లకు, అందుకు డబ్బులిస్తున్న కంపెనీలకు బహిరంగ లేఖ

మిత్రులారా,

పోయిన నెల మాదాపూర్‌లో ఒక హోటల్ హాల్లో మనమంతా కలిశాం కదా. ఏడాది పొడుగునా పిల్లలు చేసినవి చూపించుకునే రోజు. మా శనివారం క్లాసు నుంచి నలుగురు పిల్లల్ని తీసుకుని నేనూ వచ్చాను. గుమ్మం పక్కనే పదడుగుల ఫ్లెక్సీ. దాని మీద మా క్లాసు అమ్మాయి. చేతిలో సోల్డరింగ్ ఐరన్, ముఖం మీద ఎల్ఈడీ వెలుగు. ఫొటో బాగా వచ్చింది, కాదనను. కింద పెద్దక్షరాలతో 'మురికివాడ నుంచి మెషీన్ లెర్నింగ్ దాకా' అని ఉంది.

ఆ అమ్మాయి నా పక్కనే ఉంది. రెండుసార్లు చదువుకుని, "మేడం, మాది మురికివాడనా?" అంది.

వాళ్ళది అడ్డగుట్టలో రెండు గదుల డాబా. వాళ్ళ నాన్న ఆటో నడిపి, చిట్టీలు ఎత్తి, పదకొండేళ్ళ పాటు కొంచెం కొంచెంగా కట్టుకున్న ఇల్లు. స్లాబు పడిన రోజు గల్లీ అంతటికీ దావత్ ఇచ్చాడు. ఇక మెషీన్ లెర్నింగ్ సంగతా, ఆ అమ్మాయి ఇంకా దాని జోలికే పోలేదు. తను చేసింది బతుకమ్మ చుట్టూ ఒక్కో వరసా వెలుగుతూ పైకి పోయే లైట్లు. అంటే ఆ వాక్యంలో మొదలూ తప్పే, చివరా తప్పే.

ఫొటో వేసే ముందు ఆమెను ఎవరూ అడగలేదు. వాళ్ళ అమ్మను అడగలేదు. నన్నూ అడగలేదు గానీ, అడిగి ఉంటే నేను ఆలోచించకుండా సరే అనేసేదాన్ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఫ్లెక్సీ పెట్టిన కంపెనీ వాళ్ళు అదే పూట దాన్ని దించారు, అమ్మాయికి సారీ చెప్పారు. ఆ గొడవ అక్కడితో సరి. నేను రాస్తున్నది మనందరి అలవాటు గురించి. నేను పగలు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఏడేళ్ళుగా శనివారాలు వారాసిగూడలో ఒక పాల దుకాణం పైన ఉన్న హాల్లో పిల్లలకి స్క్రాచ్, పీ5 అనే కోడింగ్ పనిముట్లు, లైట్లూ మోటార్లూ నడిపే ఆర్డునో అనే చిన్న బోర్డు నేర్పుతున్నాను. కాబట్టి కింద రాసిన తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

'క్రియేటివ్ టెక్నాలజీ' అంటే ఏంటని మా అత్తమ్మ ఒకసారి అడిగింది. ఆవిడది పోచంపల్లి వైపు, చిటికి కట్టిన చేతులు. గ్రాఫు కాగితం మీద గళ్ళు లెక్కబెట్టి, నేయకముందే దారానికి ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ రబ్బరు చుట్టి కట్టడమే చిటికి. నేను ఏదేదో చెప్పాను, పిల్లలు కంప్యూటర్‌తో బొమ్మలు వేస్తారు, లైట్లు వెలిగిస్తారు అని. ఆవిడ అంతా విని, "గదేనా, ఆసు మిషిని లాంటిది" అంది. అంతకంటే మంచి నిర్వచనం నాకు ఇప్పటికీ దొరకలేదు.

శారాజిపేట చింతకింది మల్లేశం కథ మీకు తెలిసే ఉంటుంది. తల్లి లక్ష్మి ఒక్క చీరకి దారాన్ని వేల సార్లు చేత్తో అటూ ఇటూ తిప్పి ఆసు పోసేది. ఆమె భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలో మానేసిన ఆ కొడుకు 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకి ఏ వర్క్‌షాపూ లేదు, కిట్టూ లేదు. ఎవరి భుజం నొప్పి పెడుతోందో మాత్రం బాగా తెలుసు.

మన దగ్గర కిట్లన్నీ ఉన్నాయి. భుజం ఎవరిదో అడగడం మర్చిపోతున్నాం. నమ్మకం లేకపోతే ఏ స్కూల్ ఎగ్జిబిషన్‌కైనా వెళ్ళి చూడండి, స్మార్ట్ డస్ట్‌బిన్ లేకుండా ఉండదు. చెయ్యి దగ్గరికి పోగానే అల్ట్రాసోనిక్ సెన్సార్ పసిగడుతుంది, సర్వో మోటారు మూత లేపుతుంది, చప్పట్లు. మేమూ చేయించాం. అప్పుడు వెనక బెంచీ పిల్లాడొకడు, వాళ్ళమ్మ జీహెచ్ఎంసీలో సఫాయి పని చేస్తుంది, లేచి అడిగాడు. "మూత దానంతట అదే లేస్తే మా అమ్మకేం ఫాయిదా మేడం? లోపట గాజు పెంకులు ఉంటే చెప్పే డబ్బా చేద్దాం." నాలుగు వారాలు కుస్తీ పట్టాం. డబ్బా తయారు కాలేదు. కానీ ఆ నాలుగు వారాల్లో గాజు పెంకులు విడిగా కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి ఇవ్వడం ఆ పిల్లాడి అపార్ట్‌మెంట్ మిత్రుల ఇళ్ళల్లో మొదలైంది. ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి ఏమీ మిగల్లేదు. స్పాన్సర్‌కి పంపాల్సిన రిపోర్టులో ఆ నెల గడి ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు మనం వాడే పనిముట్ల సంగతి. ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్‌ని 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టారు. కోడ్ రాయడాన్ని బొమ్మ గీసుకున్నంత తేలిక చేయాలని వాళ్ళ ఆలోచన. 2013లో లారెన్ మెకార్తీ దాన్ని బ్రౌజర్లోకి తెస్తూ పీ5 మొదలుపెట్టింది. 2015లో ఆ పని చేసేవాళ్ళంతా ఒకచోట కూర్చుని, ఇది ఎవరి కోసం, ఇక్కడ ఒకరితో ఒకరు ఎలా మెలగాలి అన్నది రాసుకున్నారు. 2019 సమావేశం తర్వాత ఇంకో మాట అనుకున్నారు: ఇకమీదట ఎవరికైనా అందుబాటు పెంచే ఫీచర్లు తప్ప వేరే కొత్త ఫీచర్లు చేర్చబోమని. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, కొత్త ఫీచర్ వద్దనుకోవడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. అయితే వాళ్ళు రాసుకున్నది ఇంగ్లీషులో. దాన్ని తెచ్చి మన గోడకి అంటిస్తే మన పిల్లల తల్లులు చదవలేరు. మనం విడిగా కూర్చుని, మన మాటల్లో రాసుకోవాల్సిందే.

ఆ 'అందుబాటు' అన్న మాట నాకు నిజంగా అర్థమైంది ఒక అబ్బాయి వల్ల. అంధుల బడిలో తొమ్మిదో తరగతి. స్నేహితుడి భుజం పట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. మేం ముందే మాట్లాడుకుని, అతనికి సౌండ్ ప్రాజెక్టు ఇచ్చాం. కీ నొక్కితే డప్పు, ఇంకో కీ నొక్కితే సన్నాయి. బాగా ఆలోచించామని మాలో మేమే మురిసిపోయాం. మూడో వారం అతనన్నాడు, "అందరూ బొమ్మలు చేస్తున్రు. నాకొక్కనికే పాట ఎందుకిచ్చిన్రు?"

మా దగ్గర జవాబు లేదు. అతన్ని అడగకుండా అతనికి ఏం కావాలో మేమే తేల్చేశాం.

సరే, బొమ్మే చేద్దామన్నాం. పాత లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేశాం. ఇది 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక యువకుడు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం, పైసా ఖర్చు లేదు. అందులో తెలుగు గొంతు కాస్త రోబో మాట్లాడినట్టు ఉంటుంది. పిల్లలు దానికి 'చిట్టిబాబు' అని పేరు పెట్టారు. పీ5లో 'డిస్క్రైబ్' అని ఒక ఫంక్షన్ ఉంది. తెర మీద ఏం గీశామో మాటల్లో రాస్తే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. క్లాసులో అందరూ తమ బొమ్మకి అది రాయాలని నియమం పెట్టాం. సరిగ్గా రాశారా లేదా చూసేది ఆ అబ్బాయే.

ఇక వాడు ఎవర్నీ వదల్లేదు. 'ఎర్ర గుండ్రం' అని రాస్తే, "ఎంత? లడ్డూ అంతనా, బండి టైరు అంతనా? యాడ ఉంది? ఉట్టిగనే ఉందా, తిరుగుతుందా?" అని నిలదీసేవాడు. మాటల్లో చెప్పాల్సి వచ్చేసరికి, తాము ఏం గీశారో తమకే తెలియదని చాలామంది పిల్లలకి అర్థమైంది. వాళ్ళ కోడ్ బాగుపడింది. ఇక అతని బొమ్మ: థర్మోకోల్ పలక మీద గుండుసూదులు గుచ్చి, రబ్బరు బ్యాండ్లు తగిలించి, వేళ్ళతో తడుముతూ కొలతలు రాసుకున్నాడు. కంప్యూటర్ తెర మీద సున్నా పైన ఎడమ మూల ఉంటుంది, వై కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. బడిలో గ్రాఫులు గీసి అలవాటైన పిల్లలందరూ ఇక్కడ తికమకపడతారు. అతనికి మాత్రం ఆ ఇబ్బందే రాలేదు, నేర్చుకున్నది మర్చిపోవాల్సిన పని లేదు కాబట్టి. చార్మినార్ నాలుగు మినార్లూ తిన్నగా నిలబడ్డాయి.

మన హాళ్ళల్లో ఎన్నింటికి లిఫ్టు ఉంది? మాకూ లేదు. ఈ ఒక్క ప్రశ్న రాసి వదిలేస్తున్నాను, నా దగ్గర సమాధానం లేదు గనక.

'మన సంస్కృతి నుంచి ఉదాహరణలు తీసుకోండి' అని మనం మెంటర్లకి చెబుతుంటాం. నేను లూపుల పాఠానికి, అంటే కంప్యూటర్‌తో ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించే పాఠానికి, ఎప్పుడూ ముగ్గు తీసుకునేదాన్ని. చుక్కలు పెట్టడం ఒక లూపు, వరసలు ఇంకో లూపు, చక్కగా కుదురుతుంది. పాతబస్తీలో శాలిబండ దగ్గర ఒక బడికి వెళ్ళి అదే పాఠం చెప్పాను. ఒక అమ్మాయి చాలా మర్యాదగా, "హమారే ఘర్ మే నై డాల్తే మేడం" అంది. అక్కడున్న ముప్ఫై మందిలో ఇరవై ఎనిమిది మంది ఇళ్ళల్లో ముగ్గు వేయరు. నేను 'మన' అన్నప్పుడు వాళ్ళు అందులో లేరు. అమ్మాయి చెయ్యి చాపింది. అరచేతిలో మెహందీ. మధ్యలో గుండ్రం, చుట్టూ రేకులు, వేళ్ళ కొసల దాకా ఒకే ఆకు మళ్ళీ మళ్ళీ. అంతకంటే మంచి లూపు ఏముంది?

అప్పటి నుంచి ఉదాహరణ నేను తీసుకుపోవడం మానేశాను. మీ ఇంట్లో చేత్తో ఏం చేస్తారని అడుగుతాను. లాడ్ బజార్ లక్క గాజులకి రాళ్ళు అతకడం, మగ్గం వర్క్, బండి సీట్లు కుట్టడం, గాలిపటాలు, ఇలా ఎన్నో వస్తాయి. వారాసిగూడలో ఒక పిల్ల, "మా అమ్మ ఏం చెయ్యదు మేడం, ఇండ్లల్ల పని చేస్తది" అంది. తర్వాత తనే ఒక గడియారం చేసింది. ముల్లు తిరిగేకొద్దీ నాలుగు ఇళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, మధ్యలో చిన్న సందులో టీ గ్లాసు. మా క్లాసులో ఇన్నేళ్ళలో వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చినవి చెప్పమంటే ముందు అదే చెబుతాను. మీరు చూడలేరు. "ఇది గోడకి పెట్టొద్దు మేడం" అంది. పెట్టలేదు. దాని గురించి ఇంతమాత్రం రాయడానికి కూడా ఆ పిల్లను అడిగాను.

ముఖాల సంగతికి వస్తాను. వెబ్‌క్యామ్ ముందు నిలబడితే ముఖాన్ని గుర్తుపట్టి, ముక్కు మీద జోకర్ బంతి పెట్టే ప్రోగ్రాం మీరందరూ చేయించే ఉంటారు. మా హాల్లో ఒకటే ట్యూబ్‌లైటు. ఒక పిల్లాడి ముఖం మాత్రం అది పట్టుకోలేదు. "నల్లగున్నవ్ రా, కనిపిస్తలేవు" అని మిగతావాళ్ళు నవ్వారు. నేనేం చేశాను? "కిటికీ దగ్గరికి రా నాన్నా" అన్నాను. తప్పు మిషనుది, జరగాల్సింది వాడు. 2018లో జాయ్ బువోలంవిని, టిమ్నిట్ గెబ్రూ చేసిన అధ్యయనం ఆ తర్వాత చదివాను. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాములని పరీక్షించారు. నల్లగా ఉన్న ఆడవాళ్ళ విషయంలో పొరపాట్లు 34.7 శాతం దాకా పోయాయి. తెల్లటి మగవాళ్ళ దగ్గర ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. మా పిల్లాడి సమస్య సరిగ్గా అదే కాకపోవచ్చు గానీ, కిటికీ దగ్గరికి వెళ్ళాల్సింది వాడు కాదని నాకు అర్థమైంది. ఇప్పుడు ఆ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది: ఇది ఎవర్ని గుర్తుపట్టదో ముందు కనుక్కోండి అని. పిల్లలకి తప్పులు పట్టడం మహా ఇష్టం. టెస్టింగ్ దాన్ని, నాకు మరీ ఇష్టం.

ఈ ఊళ్ళో కెమెరా అందరికీ ఆట కాదు. 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు తనను రోడ్డు మీద ఆపి మాస్కు తీయమన్నారని, తీయనంటే అలాగే ఫొటో తీసుకున్నారని ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్త హైకోర్టుకి వెళ్ళారు. ముఖ గుర్తింపు వాడకం మీద 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. పోలీసులు ఇలా ఆపి ఫొటోలు తీసే ప్రాంతాల నుంచి వచ్చే పిల్లవాడు కెమెరా చూడగానే తల తిప్పుకుంటే 'సిగ్గు' అని రాసుకోకండి. వెబ్‌క్యామ్ లేని ఇంకో అభ్యాసం పక్కన సిద్ధంగా పెట్టుకోండి, అంతే.

ఇక రాయడానికి కష్టంగా ఉన్నది.

రెండేళ్ళ కింద మా క్లాసుకి ఒక మెంటర్ వచ్చేవాడు. తెలివైనవాడు, పిల్లలకి ఇష్టం, డబ్బులిచ్చే వాళ్ళ తరఫున వచ్చినవాడు. ప్రాజెక్టు డౌట్లు అడగడానికని పిల్లల నంబర్లు తీసుకున్నాడు. పదహారేళ్ళ అమ్మాయికి రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు మొదలయ్యాయి. మొదట కోడ్ గురించి. తర్వాత డ్రెస్ గురించి. తర్వాత ఫొటో పంపమని. అమ్మాయి నాకు చూపించింది. నేను మన పెద్దల్లో ఇద్దరితో మాట్లాడాను. ఒకరు, "కుర్రాడి కెరీర్ పోతుంది, పెద్దది చేయకండి" అన్నారు. ఇంకొకరు, "అతన్ని వేరే సెంటర్‌కి మారుద్దాం" అన్నారు. వేరే సెంటర్లో ఆడపిల్లలు ఉండరా? ఆ మాట నేను అప్పుడు అడగలేదు. మూడు వారాలు ఊరుకున్నాను.

ఆ మూడు వారాలు నేను చట్టాన్ని కూడా తప్పాను. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో ఇలాంటిది తెలిస్తే మనలో మనం తేల్చుకునే వీలే లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లలైనా పెద్దలైనా 1098కి ఫోన్ చేయవచ్చు. మనం 'వాలంటీర్లం కదా, ఆఫీసు కాదు కదా' అనుకుంటాం. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో జీతం లేకుండా పనిచేసే వాళ్ళూ లెక్కలోకి వస్తారు. పది మంది ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువుంటే జిల్లాలో స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. నాలుగో వారం నేనూ ఆ అమ్మాయి తల్లీ, ఆడవాళ్ళకీ పిల్లలకీ సాయంగా పోలీసులు నడిపే భరోసా కేంద్రానికి వెళ్ళాం. అక్కడి నుంచి ఏమైందో రాయను, అది ఆమె సంగతి.

అప్పటి నుంచి మా గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కాగితం ఉంది. మెంటర్లు ఏ పిల్లకీ పిల్లాడికీ విడిగా మెసేజ్ పెట్టకూడదు, డౌట్లన్నీ గ్రూపులోనే, ఆ గ్రూపులో ప్రతి ఇంటి నుంచీ ఒక పెద్ద ఉండాలి. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో ఇద్దరు ఆడవాళ్ళ నంబర్లు, ఒకటి నాది కాదు, మా క్లాసుకి సంబంధం లేని లాయర్ది. ఎందుకంటే రేపు తప్పు చేసేది నేనే కావచ్చు. ఈ కాగితం రాయడానికి పైసా ఖర్చు కాలేదు. మీలో ఎంతమంది దగ్గర ఉంది? మాదాపూర్‌లో ఆ రోజు పదకొండు స్టాళ్ళు తిరిగి అడిగాను. రెండింట్లో ఉందన్నారు. ఒక చోట ఇంగ్లీషులో, ఒక చోట 'ఆఫీసులో ఉంది'.

ఫొటోల మాట కూడా ఇక్కడే. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి, పూర్తి అమలుకి గడువిచ్చారు. గడువుంది కదా అని ఆగకండి, అలాగని మూడు పేజీల ఇంగ్లీషు ఫారం మీద తల్లి వేలిముద్ర వేయించుకుని చేతులు దులుపుకోకండి. నేనూ వేయించాను అలాంటివి, ఒక బీరువా నిండా ఉన్నాయి. ఫొటో వద్దనే పిల్లలకి రంగు రిబ్బన్ కడదామని మొదట అనుకున్నాం. పిల్లలే వద్దన్నారు, రిబ్బన్ కట్టుకున్న వాళ్ళే అందరికీ కనబడతారు కదా. వాళ్ళు చెప్పిన ఉపాయం ఇది: హాల్లో ఒక 'ఫొటో మూల' ఉంటుంది. తీయించుకోవాలనుకున్నవాళ్ళు అక్కడికి వస్తారు. మిగతా హాల్లో ఎవరూ ఎవర్నీ తీయరు, వచ్చింది మంత్రిగారైనా సరే. వేసే ముందు కింద రాసే వాక్యం కూడా చదివి వినిపించాలి. ఫ్లెక్సీ సంగతి తర్వాత ఈ చివరి నియమం ఆ అమ్మాయే చేర్చింది.

అడగడం మనుషుల ఫొటోలతోనే ఆగదు. పోయిన వేసవిలో ఒక మెంటర్ ఏఐ బొమ్మల పాఠం పెట్టాడు. 'చేర్యాల స్టైల్లో మెట్రో రైలు' అని టైపు చేస్తే పది సెకన్లలో ఎర్ర నేపథ్యంతో బొమ్మ వచ్చింది, పిల్లలు గంతులు. చూడ్డానికి చేర్యాలలాగే ఉంది. చేర్యాల బొమ్మలు పొడవాటి గుడ్డ చుట్టల మీద వేస్తారు, వాటి మీద ఎరుపు ఊరికే రాలేదు. నకాషీ వాళ్ళు బొమ్మ వేస్తారు, కథ చెప్పేవాళ్ళు దాన్ని విప్పుతూ కులపురాణం చెబుతారు. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్పినట్టు. బొమ్మకి గీసేవాళ్ళు, చెప్పేవాళ్ళు, చెప్పించుకునేవాళ్ళు ఉన్నారు. గీసే కుటుంబాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వాళ్ళలో ఎవరి బొమ్మలు చూసి ఆ మిషను నేర్చుకుందో మనకి తెలియదు, వాళ్ళకీ తెలియదు. ఏఐని క్లాసులోకి రానివ్వొద్దని నేననను, రానివ్వకపోతే బయట చూస్తారు. మేం పెట్టుకున్నది ఇంతే: ప్రతి పని కింద ఎవరి దగ్గర నేర్చుకున్నామో రాయాలి. అత్త దగ్గర, పక్కింటి అంకుల్ దగ్గర, యూట్యూబ్ దగ్గర, ఏఐ దగ్గర. మా బతుకమ్మ లైట్ల కింద 'పువ్వులు పేర్చడం నేర్పింది మా నాయనమ్మ' అని ఉంది. ఫ్లెక్సీలో ఆ ముక్క కత్తిరించేశారు.

చిన్న విషయాలు కొన్ని గబగబా. కార్యక్రమాలు సాయంత్రం ఏడింటికి రాయదుర్గంలో పెడితే ఫలక్‌నుమా ఆడపిల్ల రాదు, వచ్చినా మధ్యలో లేస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేకపోవడం మా క్లాసు రూపే మార్చింది. అమ్మాయిలు పెరిగారు. ఇప్పుడు బస్సు ఛార్జీ లేక ఆగిపోయేది మగపిల్లలు. ఉచిత వర్క్‌షాప్ అంటే ఛార్జీ, మధ్యాహ్నం అన్నం కలిపి లెక్కేయండి. రిజిస్ట్రేషన్ ఫారంలో తండ్రి వృత్తి ఎందుకు? 'ఫుల్ నేమ్' అని ఇంటిపేరు దాకా పొడిగించి అడగడం ఎందుకు? మన మెంటర్ల జాబితా ఒకసారి తీసి ఇంటిపేర్లు వరసగా చదవండి, ఇంకేం చెప్పను. మా క్లాసులో చదివి ఇంజినీరింగ్‌లో చేరిన ముగ్గురు ఇప్పుడు మెంటర్లు. వాళ్ళకి నెలకి ఇంతని ఇస్తున్నాం. జీతం ఉన్నవాళ్ళకే ఉచితంగా సేవ చేసే తీరిక ఉంటుంది.

చివరగా, డబ్బులిచ్చే వాళ్ళకి. కేంద్ర ప్రభుత్వ అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఒక బడికి 20 లక్షల దాకా వస్తుంది. ఆ డబ్బుతో వచ్చిన త్రీడీ ప్రింటర్ కవరు కూడా తీయకుండా ఉన్న బడి ఒకటి చూశాను, తాళంచెవి ప్రధానోపాధ్యాయుల బీరువాలో. పాడైతే ఎవరు కడతారని భయం. ఆ భయానికి ఆయన్నని ఏం లాభం, రిపేరు డబ్బులు ఎవరూ రాసివ్వలేదు. మీరు ఈ ఏడాది కొత్త ప్రింటర్ ఇవ్వకండి. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే జంపర్ వైర్లు, సీటీసీ కంప్యూటర్ బజార్లో పాత లాప్‌టాప్‌లు మాకు చాలు. దాని బదులు రిపేరు ఖర్చు, బస్సు ఛార్జీలు, అన్నం, పిల్లలు వచ్చి చెప్పుకోగల ఒక బయటి మనిషికి జీతం ఇవ్వండి. ఫొటోలో పడేవి కావు ఇవి, తెలుసు.

వచ్చే రెండో శనివారం పొద్దున పదకొండింటికి మా హాల్లో కూర్చుందాం. ఆ గోడ కాగితం అందరం కలిసి మళ్ళీ మొదటి నుంచి రాద్దాం, ఈసారి పిల్లలు, తల్లులు కూడా ఉంటారు. కింద పాల దుకాణం ఆయన టీ ఇస్తానన్నాడు. మెట్లు పద్దెనిమిది, ఎక్కలేనివాళ్ళు ముందే చెబితే సమావేశం కిందే పెడతాం, దుకాణం షెడ్డులో.

ఇంకొకటి. దించిన ఆ ఫ్లెక్సీ ఎవరి దగ్గరుందో వాళ్ళు దయచేసి వచ్చేటప్పుడు తీసుకురండి. అమ్మాయి అడిగింది. చింపడానికేమో అనుకున్నాను. వెనకవైపు తెల్లగా ఉంటుందట, మన ప్రొజెక్టర్‌కి తెర లేదు కదా మేడం, అంటోంది.

ఇట్లు
శనివారం క్లాసు మేడం
వారాసిగూడ, సికింద్రాబాద్